హాలోవీన్ పండుగయు పెంపుడు జంతువుల సంరక్షణమును

అక్టోబరు నెల 31వ తేదీ రాత్రి అమెరికా, కెనడా, ఐర్లండు, బ్రిటన్ మున్నగు దేశములయందు హాలోవీన్ అను వేడుక జరుగును. మన తెలుగుదేశమున చదివి, ఉద్యోగములకై ఆ దేశములకు వెడలి, అచ్చటనే కాపురములుండువారు పెక్కుమంది గలరు. వారి బిడ్డలకు ఈ పండుగ మన పిల్లలకు దీపావళి వలెనే మిక్కిలి ప్రియమైనది. ఇచ్చటి విద్యార్థులును చలనచిత్రములలో దీనిని చూచి, ఇది యేమి పండుగయని మమ్ము అడుగుచుందురు. కావున దానిని గూర్చి కొంచెము చెప్పి, ఆ రాత్రి ఇంటి కుక్కకును పిల్లికిని కలుగగల అపాయములెవ్వియో, వానిని తప్పించు మార్గములెవ్వియో ఈ వ్యాసమున వివరింపదలచితిమి. సంగతి స్వల్పముగా తోచవచ్చును. కాని ఇట్టి విషయముననే మేమొక తప్పిదము చేసియుంటిమి. దానిని చివర చెప్పుదుము.

పండుగ వృత్తాంతము

నవంబరు 1వ తేదీ క్రైస్తవ సంఘమున సకల పరిశుద్ధుల పండుగ. పరిశుద్ధులను పూర్వకాలపు ఆంగ్లమున 'హాలోస్' అనెడివారు. ఆ పండుగకు ముందటి సాయంకాలమగుటచే దీనికి 'ఆల్ హాలోస్ ఈవ్' అను పేరు గలిగి, అదియే జనుల నోట మాఱి 'హాలోవీన్' అయ్యెను. అంతకు పూర్వమే ఐర్లండు, స్కాట్లండు దేశములలో పంటలు ఇల్లుచేరి చలికాలము ప్రవేశించు ఈ దినములయందే 'సావిన్' అను పండుగ జరుగుచుండెను. ఆ రాత్రి మృతుల ఆత్మలు సంచరించునని నమ్మి జనులు మంటలు వేసెడివారు. 19వ శతాబ్దమున ఐర్లండునుండి వలసపోయినవారు ఈ ఆచారమును అమెరికాకు గొనిపోయిరి. స్వదేశమున వారు టర్నిప్ దుంపలను తొలిచి లోపల దీపము పెట్టెడివారు. అమెరికాలో పెద్దవియు, తొలుచుటకు సులభమైనవియు నగు గుమ్మడికాయలు దొరకుటచే వానికే కన్నులు, ముక్కు, నోరు చెక్కి వాకిట నిలుపుట వాడుకయైనది.

చీకటి పడగానే పిల్లలు దయ్యములు, మంత్రగత్తెలు, రాజులు, మృగములు మొదలగు వేషములు వేసికొని ఇంటింటికి పోయి తలుపు తట్టి, "ట్రిక్ ఆర్ ట్రీట్" అని కేక వేయుదురు. 'మిఠాయి పెట్టెదరా, లేక అల్లరి చేయుదుమా' యని దాని భావము. ఇంటివారు నవ్వుచు వారి సంచులలో చాకొలేట్లు మున్నగునవి వేయుదురు. ఇది మనుష్యులకు నిర్దోషమైన వినోదమే. ముసుగు తొలగింపగానే దయ్యము మాయమై పొరుగింటి బాలుడు కానవచ్చును. కాని ఆ సంగతి ఇంటి కుక్కకు చెప్పువారెవ్వరు?

జంతువునకు ఆ రాత్రి యెట్లు తోచును?

కుక్క మనుష్యుని వాసనచేతను, కంఠధ్వనిచేతను, ముఖముచేతను, నడకచేతను గుర్తించును. వేషము వేసిన బాలుని ముఖము కనబడదు. మార్చి పలుకుటచే కంఠము వేఱుగా నుండును. పొడుగాటి అంగీచే నడకయు మాఱును. రంగుల వాసన దేహపు వాసనతో కలియును. నిన్నటివఱకు తనతో ఆడుకొనిన బాలుడే యైనను కుక్కకు వాడొక క్రొత్త ప్రాణివలె కనబడవచ్చును.

వినికిడి మాట గూడ తలంపవలసియున్నది. మనుష్యుని చెవి సెకనుకు సుమారు 20,000 కంపనములవఱకు గల ధ్వనిని వినగలదు. కుక్క చెవి సుమారు 45,000 కంపనములవఱకును, పిల్లి చెవి అంతకంటె హెచ్చుగను వినగలవు. మనకు వినబడని సన్నని ధ్వనులు కూడ వానికి వినబడుచుండును. మఱియు తలుపు చప్పుడైనప్పుడు అరచుట కుక్క తన ధర్మముగా నెంచును. సామాన్యదినమున అది ఒకటి రెండు మాఱులు జరుగును. ఆ రాత్రియో, తలుపు గంట మాటిమాటికి మ్రోగుచునే యుండును. ప్రతి పర్యాయము వాకిట క్రొత్త ఆకారము నిలుచును. ఇంటివారు దానిని వెడలగొట్టక నవ్వుచు మిఠాయి పెట్టుదురు. తన కాపు ఏల పనికిమాలినదయ్యెనో కుక్కకు బోధపడదు.

భయపడిన కుక్క చెవులు వెనుకకు వాల్చి, తోకను కాళ్లనడుమ ముడుచును; వేడి లేకున్నను రొప్పును; పెదవులు నాకుకొనుచు, నిద్ర లేకయే ఆవులించును; మూలకుపోయి వణకును. పిల్లి కనుపాపలు విశాలములగును; అది ఎత్తైన చోటికో, మంచము క్రిందికో చేరును. ఈ చిహ్నములను ఎఱిగినవాడు తొందరపడి దగ్గఱకు పోడు. భయమే కాటునకు తరచుగా మూలము. అట్టి కాటునకు లోనగువారు మిఠాయి కొఱకు వచ్చిన పసిబిడ్డలే కావచ్చును. కావున జంతువును కాపాడుట బిడ్డలను కాపాడుటయే యగును.

మొదటి అపాయము: తెఱచిన తలుపు

తలుపు తెఱచి మూయుచుండు రాత్రి బెదరిన జంతువు రెప్పపాటులో బయటికి ఉఱుకును. బయట చీకటి, వాహనములు, గుంపులు. ఇంటి త్రోవ ఎఱిగిన కుక్కయైనను భయమున పరుగెత్తునప్పుడు త్రోవ చూచుకొనదు. దీనికి మందు సులభము. చీకటి పడకముందే కుక్కను వ్యాహ్యాళికి గొనిపోయి, ఆహారము పెట్టి, వీధి తలుపునకు దూరముగా నున్న గదిలో దాని పడక, త్రాగునీరు, ప్రియమైన ఆటవస్తువు ఉంచి, కిటికీ తెరలు దించి తలుపు మూయవలెను. సన్నగా సంగీతమో, రేడియోయో పెట్టిన బయటి సందడి కొంత మఱుగుపడును. పిల్లికి వేఱొక గదియు, మలవిసర్జనకు ఇసుకపళ్లెమును అమర్చవలెను. గది తలుపుమీద 'తెఱవవలదు' అని వ్రాసి అంటించుట మంచిది. ఏలయన వచ్చిన బంధువులకు లోపల ఏమున్నదో తెలియదు.

మెడపట్టీకి యజమాని ఫోను సంఖ్య గల బిళ్ల యుండవలెను. అది ఊడిపోవు నవకాశము గలదు గనుక ఈ కాలమున మైక్రోచిప్ అను బియ్యపుగింజయంత పరికరమును భుజముల నడుమ చర్మము క్రింద సూదితో ప్రవేశపెట్టుదురు. దొరకిన కుక్కను వైద్యునియొద్దకు గొనిపోయినచో ఆయన ఒక యంత్రముతో అందలి సంఖ్యను చదివి యజమానిని కనుగొనును. అయితే అది జంతువు ఎచ్చటనున్నదో తనంతట తెలుపునది గాదు. ఇల్లు మాఱినప్పుడెల్ల ఆ సంఖ్యకు చేర్చిన చిరునామాను సరిచేయింపనిచో దానివలన ప్రయోజనము లేదు.

రెండవ అపాయము: మిఠాయి సంచి

పిల్లలు తెచ్చిన సంచి మఱునాడు వఱకు బల్లమీదనో నేలమీదనో పడియుండును. అందలి చాకొలేటు కుక్కకు విషము. దీనిని పెక్కుమంది నమ్మరు. 'మేము తినునది దానికేల పడద'ని యందురు. కారణమిది. కోకో గింజలలో థియోబ్రోమిన్ అను పదార్థము గలదు. మనుష్యుని దేహము దానిని కుక్క దేహముకంటె త్వరగా విఱిచి వెడలగొట్టును. కుక్క దేహమున అందు సగము తగ్గుటకే సుమారు 17 గంటలు పట్టును. అంతవఱకు అది గుండెను, నరములను ఉద్రేకింపజేయుచునే యుండును.

విద్యార్థులు ఈ లెక్కను చేసి చూడవచ్చును. కుక్క బరువులో కిలోగ్రాము ఒక్కింటికి సుమారు 20 మిల్లిగ్రాముల థియోబ్రోమిన్ చేరినచో వాంతి, విరేచనము, అతిదాహము, నిలుకడలేమి కలుగును. 40 మొదలు 50 చేరినచో గుండె లయ తప్పును. 60 చేరినచో మూర్ఛలు వచ్చును. పాలు కలిపిన చాకొలేటు గ్రాములో సుమారు 2 మిల్లిగ్రాములును, వంటకు వాడు చేదు చాకొలేటు గ్రాములో సుమారు 15 మిల్లిగ్రాములును ఆ పదార్థముండును. 10 కిలోగ్రాముల కుక్క 100 గ్రాముల పాల చాకొలేటు తినినచో కిలోగ్రామునకు 20 మిల్లిగ్రాములు. అనగా జబ్బు ఆరంభమగును. ఆ పాల చాకొలేటునే 3 కిలోగ్రాముల చిన్నకుక్క తినినచో కిలోగ్రామునకు 66కు పైబడును; మూర్ఛ రాగలదు. 10 కిలోగ్రాముల కుక్కయే 100 గ్రాముల చేదు చాకొలేటు తినినచో కిలోగ్రామునకు 150. అది ప్రాణాంతకము కాగలదు. కావున 'ఎంత తినెను' అను ప్రశ్నతోపాటు 'ఎట్టిది తినెను, కుక్క బరువెంత' అనునవియు ముఖ్యములే. పిల్లి నాలుక తీపిని ఎఱుగదు గనుక అది చాకొలేటును తరచుగా ముట్టదు. కాని తినినచో దానికిని హానియే.

చక్కెర లేనిదని అమ్మబడు నమలు జిగురులలోను, కొన్ని మిఠాయిలలోను జైలిటాల్ అను తీపిపదార్థము వాడుదురు. ఇది మనుష్యులకు హాని చేయదు. కుక్క కడుపున పడినంతనే ఇన్సులిన్ విశేషముగా వెలువడి, రక్తమునందలి చక్కెర అరగంటలోనే పడిపోవచ్చును. కుక్క తూలును, సొమ్మసిల్లును; కాలేయము చెడుటయు గలదు. ఇక ఎండుద్రాక్ష. ఆరోగ్యమునకు మంచిదని కొందఱు గృహిణులు పిల్లలకు చాకొలేటునకు బదులు చిన్న డబ్బాలలో ఎండుద్రాక్ష పంచుదురు. ద్రాక్షలు, ఎండుద్రాక్షలు కుక్క మూత్రపిండములను చెఱుపగలవు. ఒక కుక్క చాలతిన్నను బాగుగానుండును; వేఱొకటి కొలదిగ తిని మరణించును. కావున ఇంత తినిన భయము లేదని ఎవ్వరును ధైర్యము చెప్పజాలరు. మన తెలుగువారు లడ్డులోను, పాయసములోను వేయు కిస్మిస్ ఇదియే యని గృహిణులు గ్రహింపవలెను.

మిఠాయి పోయినను తళుకుకాగితమును, పుల్లయు మిగులును. తీపి వాసనకు కుక్క వానిని మ్రింగినచో ప్రేగులలో అడ్డుపడి శస్త్రచికిత్స అవసరము కావచ్చును. సంచిని మూతగల డబ్బాలో పెట్టి, ఎత్తున నుంచి, కాగితములను మూతగల చెత్తబుట్టలో వేయుట పిల్లల పనిగా నిర్ణయించుట యుక్తము.

మూడవ అపాయము: దీపములు, అలంకారములు, వేషములు

గుమ్మడికాయలోని క్రొవ్వొత్తి తోక తగిలి పడినచో ఇల్లే అంటుకొనవచ్చును. ఆటలాడు పిల్లికూన మీసములు కాలుట అరుదు గాదు. క్రొవ్వొత్తికి బదులు బ్యాటరీ దీపము పెట్టినచో ఈ భయము లేదు. విద్యుద్దీపముల తీగెలను నమలుటకు వీలులేకుండ గోడవెంట బిగింపవలెను. పిల్లలు చేతబట్టు వెలుగుకడ్డీని పిల్లి కొఱికినచో అందలి చేదుద్రవమువలన నోట నురుగు విపరీతముగా కాఱును. చూచుటకు భయంకరమేగాని సాధారణముగా ప్రాణాపాయము లేదు. తడిగుడ్డతో నోటిని, ఒడలిని తుడిచి, త్రాగుటకు నీరో పాలో ఇయ్యవలెను. లేనిచో వెండ్రుకలకంటినదానిని నాకి మఱల బాధపడును.

కొందఱు కుక్కలకును వేషములు వేయుదురు. కుక్క తన మనస్సును చెవులతోను తోకతోను తెలుపును. వానిని కప్పివేసినచో మూగజీవిని మఱింత మూగదానిని చేసినట్లగును. కన్నులకును, శ్వాసకును, నడకకును అడ్డమురాని తేలికైన ఉడుపును కొన్ని దినములు ముందుగా అలవాటు చేసినచో ఓర్చుకొను కుక్కలును గలవు. ఉడుపు తొడుగగానే అది కదలక బిగుసుకొని నిలిచినచో, దానిని వినయమని యెంచరాదు, వెంటనే తీసివేయవలెను.

విషము తిన్నదని అనుమానము కలిగినచో

చిహ్నములు కనబడువఱకు వేచియుండరాదు. చాకొలేటు చిహ్నములు తోచుటకు 6 మొదలు 12 గంటలవఱకు పట్టవచ్చును. అంతలో చికిత్సకు తగిన కాలము గడచిపోవును. తినినదాని కాగితమును చేతబట్టి, జంతువు బరువును, తినిన మొత్తమును, వేళను చెప్పుచు పశువైద్యునికి ఫోను చేయవలెను. అమెరికాలో హెన్రీ బర్గ్ అను నాతడు 1866 సం॥న న్యూయార్కున స్థాపించిన జంతుహింసానివారణ సంఘము వారు విషముల విషయమై రాత్రింబగళ్లు సలహానొసగు కేంద్రమును నడుపుచున్నారు. ఉప్పునీళ్లు పోసి కక్కింపవలెనని కొందఱు చెప్పుదురు. అది తగదు, ఆ ఉప్పే విషమై ప్రాణము తీయవచ్చును. వైద్యుడు చెప్పనిదే దేనిని పట్టింపరాదు.

మన దీపావళి

2024 సం॥న దీపావళియు హాలోవీనును అక్టోబరు 31వ తేదీననే వచ్చినవి. అమెరికాలోని తెలుగువారి యిండ్లలో కొన్నిట ఒకే గుమ్మమున ప్రమిదలును గుమ్మడికాయ దీపమును వెలిగియుండును. రెండు పండుగలు వేఱైనను ఇంటి జంతువునకు రెంటిలోని కష్టమొక్కటే. పైగా మన దీపావళికి టపాకాయల మ్రోత గలదు. పైని చెప్పిన గది, తెర, బిళ్ల, ముందుగా వ్యాహ్యాళి — ఇవి యన్నియు ఇచ్చటను వర్తించును. ఇక మా తప్పిదమును చెప్పుదుము.

మా విద్యార్థి వసతిగృహమున మోతి అను గోధుమవన్నె కుక్క యుండెను. ఒక దీపావళినాడు అది బాణసంచా నడుమకు పోవునేమోయని మేమే దానిని వరండా స్తంభమునకు త్రాటితో కట్టితిమి. కట్టియున్నది గనుక క్షేమమని తలచితిమి. మొదటి సీమటపాకాయల దండ ప్రేలగానే అది త్రాడు తెంపుకొని పోయెను. బాలురు మూడు దినములు వెదకిరి. నాలుగవనాడు రెండుమైళ్ల దూరమున కాలువ తూములో, మెడకు తెగిన త్రాడుతో, కుంటుచు కనబడెను. పేరు పెట్టి పిలిచినను మొదట దగ్గఱకు రాలేదు. తాను భయపడిన వేళ పారిపోవుటకైనను వీలులేకుండ కట్టినవారము మేమేగదా! తప్పించుకొనజాలని చోట కట్టివేయుట రక్షణము గాదని అప్పుడు తెలిసికొంటిమి.

నాటినుండి వసతిగృహమున ఒక నియమము ఏర్పడెను. దీపావళి రాత్రి సామానులగదిలో మోతి పడక వేసి, తలుపు మూసి, ఒక్కొక్క బాలుడు అరగంట చొప్పున దానియొద్ద కూర్చుండవలెను. మొదటి యేడు దీనికి మేము పేర్లు వ్రాసితిమి. మఱుసటియేటినుండి వ్రాయవలసిన పని లేకపోయెను. బాలురే తమ వంతులు తామే నిర్ణయించుకొనిరి. బయట చిచ్చుబుడ్లు వెలుగుచుండగా లోపల చీకటిగదిలో కుక్క తలను ఒడిలో పెట్టుకొని కూర్చుండిన బాలుడు ఆ రాత్రి పండుగలో కొంత పోగొట్టుకొనుచున్నాడని కొందఱు జాలిపడిరి. మేమట్లు తలపలేదు.

బాలబాలికలారా! పండుగ యేమో మనము ఎఱుగుదుము, జంతువు ఎఱుగదు. ముసుగు వెనుక మిత్రుడున్నాడనియు, ఈ మ్రోత తెల్లవాఱుసరికి ఆగుననియు మనము ఎఱుగుదుము, అది ఎఱుగదు. ఎఱిగినవారు ఎఱుగనిదానికి అండయై నిలుచుట ధర్మము. అక్టోబరు 31వ తేదీన న్యూజెర్సీలో తలుపు తెఱచు బిడ్డయైనను, అమావాస్యనాడు ఇచ్చట కాకరపువ్వొత్తి వెలిగించు బిడ్డయైనను, వేడుకకు ముందు ఒక్కమాఱు ఇంటిలోనికి తిరిగి చూచి, 'మన కుక్క యెచ్చటనున్నది?' అని అడుగవలెనని మా మనవి.